పటేలు కారు చప్పుడు

ఈమధ్య డిపోలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఒకామె వెల్డర్, ఇంకొకామె మెకానిక్. చాయ్ తాగుతూ, "మేడం, మీ సర్వీసుల మరిచిపోలేని బండి ఏదన్న ఉన్నదా?" అని అడిగారు. వాగులో చిక్కుకున్న బస్సో, లారీ గుద్దితే నుజ్జయిన బస్సో చెబుతానని అనుకున్నట్టున్నారు. నాకు వెంటనే గుర్తొచ్చింది బస్సు కాదు, కారు. అది కూడా మా డిపోది కాదు. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతాను. పేర్లు మాత్రం అడగకండి. కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు నన్ను తిట్టగలిగేంత ఆరోగ్యంగా ఉన్నారు.

ముందు నా సంగతి. మాది కొత్తగూడ అడవుల్లో ఒక తండా. ఇంట్లో మా భాష వేరు. తెలుగు నాకు బడిలో వచ్చింది, వెల్డింగు ఐటీఐలో వచ్చింది. మొదటి పోస్టింగు మహబూబాబాద్ డిపోలో. కొన్నేళ్ల తర్వాత జనగామకు బదిలీ అయ్యాను. డిపోలో వెల్డర్ అంటే సగం ఉద్యోగం సైలెన్సర్ల కిందే గడుస్తుంది. పల్లెల రోడ్లు తిరిగిన బండికి సైలెన్సర్ గొట్టం ఎక్కడో ఒకచోట చిట్లకుండా ఉండదు. తెల్లారి బండి మళ్లీ రోడ్డెక్కాలి. కాబట్టి నెత్తి మీద మసి రాలుతున్నా కిందికి దూరి అతకాల్సిందే. ఇంటికి పోయి ఎంత రుద్దుకున్నా నా చెవుల వెనక మసి ఉండేది. మా పిల్లలు చిన్నప్పుడు దాన్ని పుట్టుమచ్చ అనుకునేవాళ్లు.

జనగామ గ్యారేజీలో మా పైఅధికారి ఛార్జ్‌మన్ సారు. కృష్ణా జిల్లా మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పెళ్లి అయింది ఇక్కడికి వచ్చాకే, పిల్లలు పుట్టింది ఇక్కడే, మాట మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్నదే. "ఏంటమ్మా, ఆ అతుకు అలా ఉబ్బిపోయిందేంటి? బూరె వేయించావా?" అనేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండేవాడు. ఇంజనుతో, బోల్టుతో, జారిపోయిన పానాతో కూడా మాట్లాడేవాడు. గ్యారేజీలో మేమంతా ఆ మాటలకు అలవాటుపడిపోయాం. అందరం ఆయన్ని అనుకరించేవాళ్లం, ఆయన ముందే.

తర్వాత ఉద్యమం పెరిగింది. రాష్ట్రం కోసం మేమూ సమ్మెలోకి దిగాం. బస్సులన్నీ డిపోలోకి చేరాయి. గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. పొద్దున నినాదాలు, మధ్యాహ్నం రోడ్డు మీదే వంట, సాయంత్రం పాటలు. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కాబట్టి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఛార్జ్‌మన్ సారు రోజూ వచ్చి టెంటులో ఒక చివర కూర్చునేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఒక్కడే వద్దన్నాడు. ఆయన మా డిపో డ్రైవరు, యూనియన్‌లో ముందుండే మనిషి. మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. ఒకరోజు సారు వినేలాగానే అన్నాడు.

"మనం కొట్లాడేది ఎవలతోని? మన పక్కన కూసున్నదెవలు? జర ఎవలన్న సమజ్ చెయ్యుండ్రి నాకు."

సారు తల తిప్పలేదు. చేతిలో ఉన్న పేపరు అలాగే చదువుతున్నాడు. అది తలకిందులుగా లేదు గానీ, పేజీ మాత్రం ఎంతసేపటికీ తిప్పలేదు.

ఆ వారంలోనే పటేలు వచ్చాడు. రఘునాథపల్లి దగ్గర ఊరు. పెద్ద వ్యవసాయం ఉన్న కుటుంబం, అందరూ పటేలా అనే పిలిచేవాళ్లు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల ధోవతి, తెల్ల లాల్చీ, ఆ తెలుపు పక్కన ఎర్రటి కారు. అలాంటి కారును నేను అంతకుముందు చూడలేదు. కప్పలాగా నేలకు అతుక్కుని ఉంది. ముందు ఇద్దరికి సీట్లు, వెనక మనిషి పట్టీ పట్టనంత చిన్న సీటు. డిక్కీ ఉండాల్సిన చోట ఇంజను, ఇంజను ఉండాల్సిన చోట డిక్కీ. రేడియేటర్ లేదు, నీళ్లు పోసే మూత లేదు. ఒక పెద్ద ఫ్యాను తిరుగుతూ గాలితోనే ఇంజన్ని చల్లబరుస్తుంది. జర్మనీలో తయారైందట. పటేలు వాళ్ల అన్న బొగ్గు గనుల వైపు డాక్టరుగా పనిచేసేవాడు. యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తిరిగి పోతూ ఆయనకు అమ్మాడు. అన్న పోయాక కారు తమ్ముడికి వచ్చింది. ఇంట్లో ఎన్ని జీపులు మారినా పటేలు దీన్ని వదల్లేదు.

సారు ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. సమ్మె మొదలయ్యాక ఆయన ముఖంలో వెలుగు చూడటం నాకు అదే మొదలు.

"ఏం ఇబ్బందండీ దీనికి?" అని అడిగాడు.

పటేలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. సారు మళ్లీ గట్టిగా అడిగాడు.

"ఇబ్బంది బండికి కాదు, నాకు," అన్నాడు పటేలు. "నా చెవులు పోయినయ్. ఇంజను చాలూ అయ్యిందో లేదో నాకే తెలుస్తలేదు. మొన్న చాలూ అయిన బండికే మళ్ల తాళం తిప్పిన, గిర్రున ఒర్లింది. ఊర్లె పోరగాండ్లు నవ్విన్రు. గీ సైలెన్సర్ తీసేసి జర చప్పుడొచ్చేటట్టు చెయ్యుండ్రి. వచ్చే వారం జనగామల పెద్ద ర్యాలీ ఉన్నది. ముంగట నీ బండే ఉండాలె పటేలా అన్నరు. నా బండి చప్పుడు నాకు ఇనబడకుంట నేనేం ర్యాలీ పోవుడు?"

చాలామంది కుర్రవాళ్లు బండికి చప్పుడు పెంచమని వస్తారు. ఊరంతా వినాలని వస్తారు. తను వినడం కోసం అడిగినవాడిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

డ్రైవరు అన్నకు అనుమానం వచ్చింది. "సమ్మెల పని చేస్తరా మీరు?" అన్నాడు. ర్యాలీ కోసమే కదా అని మిగతావాళ్లు సర్దిచెప్పారు. డిపోలో పనిముట్టు ముట్టుకోబోమని మాట ఇచ్చి, హైదరాబాదు రోడ్డులో ఒక వెల్డింగ్ షెడ్డు అడిగి తీసుకున్నాం. కరెంటు లేక ఆ షెడ్డు మూతపడే ఉంది. గ్యాసు సిలిండర్లు ఉన్నాయి కాబట్టి మాకు కరెంటుతో పనిలేదు. పలచటి గొట్టానికి గ్యాసు వెల్డింగే నయం కూడా.

సరైన గొట్టం కావాలి. వరంగల్లులో దుకాణాలన్నీ బంద్. భూపాలపల్లిలో పటేలుకు తెలిసిన పాత ఇనుప సామాను వ్యాపారి ఉన్నాడు. ఆయన దగ్గర స్టెయిన్‌లెస్ గొట్టాలు, వంపు ముక్కలు దొరుకుతాయన్నారు. బస్సుల్లేవు. అందుకని ఆ కారులోనే బయల్దేరాం. పటేలు నడిపాడు, పక్కన సారు, ఆ చిన్న సీటులో నేను మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని.

దారిపొడవునా రాస్తారోకోలు. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు, దుంగలు, ఒకచోట రోడ్డు మధ్యలో బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్లు. ప్రతిచోటా దిగి చెప్పుకోవాలి. మొదటి చోట పటేలుకు వాళ్లు అడిగేది వినబడలేదు. నేను వెనక నుంచి తల బయటపెట్టి, "ర్యాలీ బండి అన్నా, సామాన్లకు పోతున్నం," అన్నాను. వాళ్లు జై కొట్టి వదిలారు. రెండోచోట కూడా నేనే చెప్పాను. మూడోచోట నాకు ఒక సంగతి తట్టింది. పొద్దున్నుంచి వాగుతూనే ఉండే మా సారు, దూరంగా జనం కనబడగానే నోరు మూసుకుంటున్నాడు. అడ్డం దాటి కారు వేగం అందుకున్నాక, ఆపిన చోటు నుంచి మాట మళ్లీ అందుకుంటున్నాడు. ఒకచోట ఒక పెద్దాయన వంగి నేరుగా ఆయన్నే, "యాడికి పోతున్నరే?" అని అడిగాడు. సారు చిరునవ్వు నవ్వి, చేత్తో ముందుకు చూపించాడు. మూగవాడనుకుని ఆ పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు.

పటేలుకు ఇదేదీ తెలియదు. నాకు తెలిసిందని సారుకు తెలియదు. ఆ మాట మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

పరకాల దాటాక వాన పట్టుకుంది. అద్దాలు ఎత్తాం. కాసేపటికి నాకు కళ్లు మండి, తల తిరిగింది. ఇరుకు వల్ల కాబోలు అనుకున్నాను. ఇంకాసేపటికి సారు కూడా నుదురు పట్టుకున్నాడు.

"అద్దాలు దించండి! పటేలుగారూ, అద్దం దించండి!"

కారు ఆపి వానలోనే దిగాం. నేను రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. సారు సీటు కింద ఉన్న గాలి రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. తర్వాత నాకు వివరించాడు. అది చలి దేశం కారు. ఇంజను నుంచి వచ్చే పొగ గొట్టాల చుట్టూ రెండు వైపులా రెండు రేకు పెట్టెలు ఉంటాయి. ఫ్యాను గాలి ఆ పెట్టెల్లోంచి వెళ్లి, గొట్టాల వేడికి వెచ్చబడి, లోపల కూర్చున్నవాళ్లకు తగులుతుంది. అంటే హీటరన్నమాట. మన ఎండలకు హీటరు ఎవరు పెట్టుకుంటారు? కానీ దాని మూతలు ఎప్పుడో తుప్పుపట్టి సరిగా మూసుకోవడం లేదు. లోపల గొట్టం కూడా తుప్పు తిని చిల్లులు పడింది. పొగ గాలిలో కలిసి నేరుగా కారులోకి వస్తోంది.

"ఈయన ఎప్పుడూ అద్దాలు దించుకుని నడుపుతాడు కాబట్టి సరిపోయిందమ్మా," అన్నాడు సారు. "ఇక చప్పుడు సంగతి తర్వాత. ముందు ఆ పెట్టెలు పీకెయ్యాలి."

మిగతా దారంతా అద్దాలు దించుకుని, తడుస్తూ వెళ్లాం. భూపాలపల్లిలో గనులు ఆగిపోయి ఊరంతా సెలవురోజులా ఉంది. వ్యాపారి దుకాణం వెనక తలుపు తీశాడు. చేతికి అందిన ప్రతి గొట్టాన్నీ నేను కొట్టి చూశాను, సారు కళ్లకు ఆనించి లోపల చూశాడు. కావలసినవి దొరికాయి.

ఆ తర్వాతి నాలుగైదు రోజులు నా ఉద్యోగ జీవితంలో బాగా గడిచిన రోజుల్లో లెక్క. టెంటులో కాసేపు కూర్చోవడం, షెడ్డుకు వెళ్లడం. పాత పెట్టెలు విప్పుతుంటే రేకు అప్పడంలా విరిగింది. ఇంజనుకు ఒక్కో వైపు మూడు సిలిండర్లు. మూడింటికి మూడు గొట్టాలు వేసి, వాటిని ఒకచోట కలిపి, రెండు వైపులవీ వెనక అడ్డంగా ఉండే సైలెన్సర్ డబ్బాలోకి తేవాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ మూడు గొట్టాల పొడవులూ దగ్గర దగ్గరగా ఉండాలి, ఆయిల్ గొట్టానికి వేడి తగలకూడదు, కింద నేలకు రాసుకోకూడదు. హీటరు తీసేశాం కాబట్టి ఫ్యాను దగ్గర ఆ పెట్టెలకు గాలి వెళ్లే దారులు మూసెయ్యాలి. లేకపోతే ఇంజన్ని చల్లబరచాల్సిన గాలి బయటికి పోతుంది. నేను అతుకుతుంటే సారు పక్కన కూర్చుని వంపులు పట్టుకునేవాడు. ఛార్జ్‌మన్ అయి ఉండి నాకు హెల్పరు పని చేసింది ఆ వారమే.

గొడవ సైలెన్సర్ డబ్బా దగ్గర వచ్చింది.

"డబ్బా ఎందుకయ్యా? తీసి పారెయ్. గొట్టాలే పెట్టు," అన్నాడు పటేలు.

"అలా కుదరదండీ," అని సారు ఆయన చెవిలో అరిచాడు. "డబ్బా తీసేస్తే పెట్రోలు లెక్క తప్పుతుంది. ఇంజను వేడెక్కి వాల్వులు కాలిపోతాయి. మీకు వినబడుతుంది గానీ, వినబడ్డానికి ఇంజను మిగలదు!"

పటేలు నా వైపు చూశాడు. "ఏమే బిడ్డా, గీయన నిజమే చెప్తుండా?"

"నిజమే పటేలా. డబ్బా ఉండనియ్. లోపలి అడ్డాలు తీసేసి చిల్లుల గొట్టం పెడ్త. చప్పుడు మంచిగనే వస్తది."

అలాగే చేశాను. పాత డబ్బా పొట్ట కోసి, లోపలి తడకలు తీసి, చిల్లుల గొట్టం వేసి, చుట్టూ గాజు దూది కూరి మళ్లీ మూశాను. ర్యాలీకి ముందురోజు మధ్యాహ్నం కారు స్టార్టు చేశాం. మామూలు సైలెన్సర్ లేని బండిలా పెటపెటలాడలేదు. లోపల పెద్దపులి ఆవలించినట్టు ఒక బొంగురు శబ్దం వచ్చి, నిలకడగా సాగింది. షెడ్డు రేకులు సన్నగా అదిరాయి. పటేలు స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. తర్వాత కళ్లజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు.

"ఇనబడ్తంది," అన్నాడు. అంతే అన్నాడు.

ఇంజను చల్లారాక గొట్టాల బోల్టులు ఇంకోసారి బిగించాలి. కొత్తగా వేసిన గొట్టం వేడికి సాగి, చల్లారితే సర్దుకుంటుంది, అప్పుడు బోల్టు వదులవుతుంది. బస్సులకైనా ఇదే పద్ధతి. బిగించే పని సారు తనే చూస్తానన్నాడు. కానీ ఇంజను చల్లారేదాకా పటేలు ఆగితే కదా! ఆ చప్పుడుతోనే ఊరికి వెళ్లిపోయాడు. పొద్దున ర్యాలీ మొదలయ్యేలోపు బిగిద్దామనుకున్నాడు సారు. పొద్దున ఆయన కారు దగ్గరికి చేరేసరికి జనం దాన్ని చుట్టేశారు. గులాలు చల్లి, దండలు వేసి, ముందుకు నడిపిస్తున్నారు.

జనగామ రోడ్లమీద అంతమందిని నేను ఎప్పుడూ చూడలేదు. ముందు డప్పులు, వాటి వెనక ఎర్రకారు, దాని వెనక మేము, మా వెనక ఊళ్లకు ఊళ్లు. పటేలు కిటికీలోంచి ఒక చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు. చెవిటి మనిషికి తన బండి చప్పుడు తప్ప మిగతా గోలంతా లేనట్టే. నేనూ సారూ ఇంజను మూతకు రెండు బారల దూరంలో నడుస్తున్నాం. ఎండ బాగా ఉంది. కారు మనిషి నడక కంటే నెమ్మదిగా పోతోంది.

చౌరస్తా దగ్గర పడుతుండగా సారు నడక ఆపాడు. తల పక్కకు వంచాడు. నేనూ విన్నాను. బొంగురు చప్పుడు మధ్యలో సన్నగా టిక్, టిక్, టిక్ అని ఇంకో శబ్దం. ఇంజను వేగం పెరిగితే అదీ పెరుగుతోంది. ఎడమ వైపు నుంచి వస్తోంది.

"వాల్వమ్మా," అన్నాడు. "వేడెక్కిపోయింది. ఇంకాసేపు నడిస్తే ఇంజను ముక్కలైపోతుంది."

నేను ఏదో అనేలోపు ఆయన జనాన్ని తోసుకుంటూ కారు ముందుకు పరిగెత్తాడు. రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపండి! ఆపెయ్యండి బండి! నడపొద్దండీ!"

సమ్మె మొదలయ్యాక తెలియని జనం మధ్య ఆయన నోరు విప్పింది అదే మొదటిసారి. అదీ గొంతు చించుకుని. డప్పులు ఆగిపోయాయి.

"ఎవడే గీడు?" అన్నాడొకడు.

"మాట ఇన్నవా? ఆంధ్రోడు."

"ర్యాలీ ఆపనీకె వచ్చిండు!"

వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు. ఆయన ఎవరో వాళ్లకు తెలియదు. ఒకడు చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు భుజం మీద తోశాడు. మా డ్రైవరు అన్న పక్కనే ఉన్నాడు. కదల్లేదు. చూస్తూ నిలబడ్డాడు. సారు మాత్రం తనను పట్టుకున్నవాళ్లతో పెనుగులాడటం లేదు. "ఇంజను పోతుందయ్యా, ఇంజను పోతుంది," అని అదే మాట అంటున్నాడు.

నేను ఎలా వెళ్లానో, ఎవరిని తోశానో నాకు గుర్తులేదు. ఆ కాలరు పట్టుకున్న పిల్లవాడి మణికట్టు పట్టుకున్నాను. వెల్డరు చెయ్యి అది, వాడు వెంటనే వదిలాడు.

"గీ బండికి గొట్టాలు అతికింది నేను," అన్నాను. "నాకు కూడ ఇనబడ్డది. బండి ఆపుమన్నది సారొక్కడే కాదు, నేను కూడ ఆపుమంటున్న. అడిగేదుంటే నన్ను అడుగుండ్రి. నాది కొత్తగూడ. నేను ఆంధ్రదాన్నా?"

కొంచెం వెనక్కి తగ్గారు, కానీ గొణుగుడు ఆగలేదు. ర్యాలీ ఆగిపోయింది, వెనక నుంచి జనం నెట్టుతున్నారు. అప్పుడు చప్పుడు ఆగింది. పటేలు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. ఆయనకు మా మాటలేవీ వినబడలేదు. అద్దంలోంచి సారు ముఖం చూశాడు, అంతే. మెల్లగా దిగి, కారు పైకప్పు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నా బండికి దవాఖాన గీయనే," అన్నాడు గట్టిగా, చెవిటివాళ్లు మాట్లాడే గొంతుతో. "వద్దన్నడు, బందు చేసిన. ఇగ చప్పుడు మీరు చెయ్యుండ్రి. రాండ్రి, నూకుండ్రి!"

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో ఫక్కున నవ్వారు. డప్పు ఒక్కటి మోగింది, తర్వాత అన్నీ మోగాయి. పదిమంది వచ్చి కారుకు చేతులు వేశారు. పటేలు మళ్లీ ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. కాలరు పట్టుకున్న పిల్లవాడు కూడా ఒక చెయ్యి వేశాడు. సారు ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టి, అది ఎంత కాలుతోందో చూస్తూ, వాళ్లతోపాటు తోసుకుంటూ నడిచాడు. సభ దగ్గరికి ఎర్రకారు అలా చేరింది, చప్పుడు లేకుండా.

తెల్లారి షెడ్డులో ఇంజను విప్పాం. సారు ముందు ఎడమ వైపు వాల్వులు చూశాడు. బాగున్నాయి. కుడి వైపు చూశాడు. అవీ బాగున్నాయి. కిందికి దూరి చూస్తే, ఎడమ వైపు నడిమి గొట్టం ఇంజనుకు తగిలేచోట సందు మూసి ఉంచే గ్యాస్కెట్ చిట్లింది. బోల్టు వదులై, సందులోంచి పొగ తన్నుకొస్తూ టిక్ టిక్‌మంది. అంతే. ఆ కారు మరో ఇరవై కిలోమీటర్లు నడిచినా ఏమీ అయ్యేది కాదు.

ఆ గ్యాస్కెట్ ముక్కను అరచేతిలో పెట్టుకుని సారు నేలమీద కూర్చున్నాడు.

"బోల్టు బిగిస్తానన్నది నేనే కదమ్మా," అన్నాడు. "బిగించలేదు. పైగా వాల్వని అరిచాను. అంతమందిని ఆపేశాను."

నాకు భయం వేసింది. టెంటులో అందరూ ఏమైందని అడుగుతారు. డ్రైవరు అన్న అడగకుండా ఉండడు.

"సారూ, వాల్వు కాలిందని చెబ్దాం," అన్నాను. "ఎవరు విప్పి చూస్తారు? మనిద్దరికే తెలుసు."

"వద్దమ్మా." చేతులు పాత గుడ్డతో తుడుచుకుంటూ లేచాడు. "నేను ఏ ఊరివాణ్ణయితేనేం, మెకానిక్కునే కదా. మెకానిక్కు అబద్ధం చెప్పడం మొదలుపెడితే ఇక ఎవరు బండెక్కుతారు?"

టెంటులో అప్పుడే అన్నాలు వడ్డిస్తున్నారు. ఆయన గ్యాస్కెట్ ముక్క పట్టుకుని అందరి ముందూ నిలబడ్డాడు. ఏం జరిగిందో వివరంగా చెప్పాడు. తను బిగించని బోల్టు సంగతి, తప్పుగా విన్న చప్పుడు సంగతి, ర్యాలీ ఆపాల్సిన పనే లేదన్న సంగతి. "పొరబాటు నాది. క్షమించండి," అని ముగించాడు. రెండు చేతులూ జోడించాడు.

నేను డ్రైవరు అన్న వైపే చూస్తున్నాను. ఆయన చేతిలో అన్నం ముద్ద ఉంది.

"మన గ్యారేజీల తప్పు నాదే అన్నోన్ని నేను గిప్పుడే చూస్తున్న," అన్నాడు ఆయన. "గిన్నేండ్లల్ల ఎప్పుడు బండి ఆగినా అది డ్రైవర్ తప్పే అయితుండె!"

టెంటంతా నవ్వింది. నిజంగానే గ్యారేజీకీ డ్రైవర్లకీ అది పాత తగాదా. నవ్వు తగ్గాక డ్రైవరు అన్న తన పక్కన చాప మీద ఉన్న చెప్పులు తీసి అవతల పెట్టాడు.

"కూసో సారూ. అన్నం సల్లారుతంది."

క్షమాపణ అన్న మాట ఆయన నోట రాలేదు. నిన్న ర్యాలీలో తను కదలకుండా నిలబడ్డ సంగతీ ఎత్తలేదు. అందరికీ అన్నీ చెప్పడం చేతకాదు. సారు కూర్చున్నాడు. వంకాయ కూర బాగా కారంగా ఉంది. రెండో ముద్దకే ఆయన, "ఏంటండీ బాబూ, ఇది కూరా, బాంబా?" అన్నాడు. ఆ గొంతును అనుకరించడానికి నలుగురు పోటీ పడ్డారు. ఆ రోజు నుంచి ఆయన టెంటు చివర కూర్చోలేదు.

కారుకు రాగి రేకుతో కొత్త గ్యాస్కెట్లు కోసి వేశాం. ఈసారి పటేలును కదలనివ్వకుండా కూర్చోబెట్టి, ఇంజను వేడిచేసి, చల్లార్చి, బోల్టులు మళ్లీ మళ్లీ బిగించాం. ఆ తర్వాత ఆ కారు ఎన్నో ఊళ్లు తిరిగింది. రాష్ట్రం వచ్చిన రోజు కూడా పటేలు దాన్ని బయటికి తీశాడట. అప్పటికి ఆయనకు ఆ చప్పుడు కూడా వినబడటం లేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. అయినా స్టార్టు చేసి, సీటులో వచ్చే అదురు తెలుస్తోందన్నాడట.

ఆ అమ్మాయిలు ఇదంతా విని, "మేడం, మరి సారు చెవి మంచిదా, కాదా?" అని అడిగారు. మంచిదే. ఒక్కోసారి తప్పు వినేది. మీరు కూడా వింటారు. తప్పు విన్నానేమో అన్న భయంతో బండి ఆపకుండా ఊరుకోవద్దు. ఆపాక తప్పని తేలితే దాచవద్దు. నా సర్వీసంతా కలిపి మీకు చెప్పగలిగింది ఇంతే. దీనికి సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వరు.

రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు సారు రిటైరయ్యాడు. మా డిపోలో ఒక ఆనవాయితీ ఉండేది. రిటైరైన మనిషిని పూలదండలతో, మేళంతో బస్సులో ఎక్కించి పంపేవాళ్లం. ఆ రోజు బస్సు నడుపుతానని డ్రైవరు అన్న ముందే చెప్పి పెట్టుకున్నాడు. అందరం ఎక్కాం. సారు ముందు సీటులో, ఒళ్లో దండలు, కాళ్ల దగ్గర పానాల పెట్టె. భార్యాపిల్లల్ని తీసుకుని ఆయన సొంతూరికి వెళ్లిపోతాడనే మా అందరి ఆలోచన. ఆ సంగతి ఎవరూ ఆయన్ని అడగలేదు. అడిగితే పొమ్మన్నట్టు ఉంటుందని ఊరుకున్నాం.

డ్రైవరు అన్న గేరు వేసి, అద్దంలోంచి చూస్తూ, "స్టేషన్‌కేనా సారూ?" అన్నాడు.

"స్టేషన్‌కెందుకయ్యా?" అన్నాడు సారు, నిజంగానే ఆశ్చర్యపోయి. "మార్కెట్టు వెనకాల ఇల్లు కట్టుకున్నాను కదా. ఇంటికి పోనీ."

డ్రైవరు అన్న హారను ఒకసారి గట్టిగా కొట్టి బస్సు తిప్పాడు. మార్కెట్టు వెనక సందు ఇరుకు, బస్సు అందులో పట్టలేదు. సందు మొదట్లోనే ఆపేశాడు. అందరం దిగాం. దండలు సారు మెడలో ఉన్నాయి. పానాల పెట్టె డ్రైవరు అన్న ఎత్తుకున్నాడు. మేళం ముందు నడిచింది, వెనక మేమంతా ఆయన ఇంటిదాకా నడిచాం.